ఊపిరి పాఠాలు

సింగానల్లూరు,
8 జూన్ 1958

తలకిందుల తమ్ముడు గురుసామికి,

నువ్వు మదురై చేరినట్టు కార్డు అందింది. వచ్చే ఉత్తరాలన్నీ మీ హాస్టల్ వార్డెన్ విప్పి చదువుతాడని రాశావు కదా, అందుకే నాయన మనకు పలక మీద దిద్దించిన తెలుగులో రాస్తున్నాను. ఆ మహానుభావుడు శీర్షాసనం వేసి చదివినా ఒక్క ముక్క అర్థం కాదు. కాబట్టి నా నోటికి అడ్డు లేదు.

మిల్లు వార్షికోత్సవంలో చేతుల మీద నడిచి చూపించావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, బుద్ధి లేక. అది చూసే కదా లేబర్ ఆఫీసర్ రాజగోపాలన్ కన్ను నీ మీద పడింది! దూది ఏకే కార్డింగ్‌లో ఆ దుమ్ము పీల్చి పీల్చి మనుషులు దగ్గుతున్నారు, ఆ దుమ్మును బయటికి లాగే ఫాన్లు పెట్టించండి సామీ అని యూనియన్ వాళ్ళు అర్జీ పెట్టారు. దాన్ని నెలల తరబడి నానబెట్టి ఇప్పుడు జవాబిచ్చారు. ఫాన్లు కాదట, యోగాసనమట. గాలి అడిగిన వాళ్ళకు గాలి పీల్చడం నేర్పిస్తారట. మిల్లు ఖర్చుతో మదురైలో చదివి వచ్చి ఆ నేర్పే మాస్టరు నా తమ్ముడట. నూలు చుట్టే మా రీలింగ్‌లో ఆడవాళ్ళు నన్ను చూసి ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టి చూపిస్తున్నారు. నీ పుణ్యమా అని నాకీ మర్యాద దక్కింది.

నీకు గురుసామి అని పేరు పెట్టింది అమ్మ మొక్కు తీర్చుకోవడానికి. నువ్వు ఊరికి గురువువి అవుతావని కాదు. చిన్నప్పుడు నాకు ఎక్కాలు అప్పజెప్పమంటే కడుపునొప్పి అని పడుకునేవాడివి, నువ్వు ఇంకొకడికి పాఠం చెబుతావా?

మీ బావ యేసుదాస్ పోయిన సోమవారం మిల్లు నుంచి గోడలు పట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆదివారం సెలవు పోయి సోమవారం లోపలికి అడుగుపెడితే రొమ్ము ఎలా పట్టేస్తుందో నీకు వేరే చెప్పాలా, నువ్వూ ఆ కార్డింగ్‌లో చేసిన వాడివే కదా. ఇప్పుడు నువ్వు పాసై వస్తే అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది. ఫెయిలై వస్తే నువ్వే మళ్ళీ ఆ దుమ్ములోకి పోతావు. ఏది కోరుకోవాలో తెలియక ఏదీ కోరుకోవడం లేదు. వేళకు తిను.

నీ మీద ఏ ఆశా పెట్టుకోని అక్క,
పళనియమ్మాళ్


మదురై,
29 జూన్ 1958

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. వార్డెన్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది ఏం భాష అని అడిగాడు. దేవుడి స్తోత్రాలు సార్, మా అక్కకు భక్తి ఎక్కువ అని చెప్పాను. కళ్ళకు అద్దుకుని ఇచ్చాడు.

ఇక్కడి వాళ్ళను నువ్వు చూడాలి అక్కా. మా జట్టులో ఒక వకీలు కొడుకు ఉన్నాడు, ఒక రిటైరైన తాసీల్దారు ఉన్నాడు. ఆసనాల పేర్లు సంస్కృతంలో గడగడా చెబుతారు, వంగి కాలి బొటనవేలు ముట్టుకోమంటే మోకాలి దగ్గరే ఆగిపోతారు. తాసీల్దారు పద్మాసనం వేస్తే విప్పడానికి ఇద్దరం పోవాలి. నేను పొద్దున లేచి అన్నీ వరసగా వేసేస్తుంటే వాళ్ళ ముఖాలు మాడిపోతాయి. వీళ్ళ మధ్య మొదటి స్థానం నాదేనని అనుకున్నాను.

పోయిన వారం నన్ను పాఠం చెప్పమన్నారు. ముందు ఊపిరి తీసుకోమని చెప్పాలి. మనింట్లో మాట్లాడినట్టే 'ఊపిరి తీసుకో' అని తెలుగులో అనుకుని, దాన్ని అరవంలోకి తిప్పి 'మూచ్చు వాంగు' అన్నాను. తీసుకోవడమంటే వాంగడమే కదా. అరవంలో మూచ్చు వాంగడం అంటే రొప్పడమని ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదు. వకీలు కొడుకు నాలుక బయటపెట్టి కుక్కలా రొప్పడం మొదలుపెట్టాడు. తరవాత అందరూ. తాసీల్దారు కూడా. హాలంతా రొప్పుతోంది, నేను మధ్యలో నిలబడి ఉన్నాను.

మాకు పాఠం చెప్పే నారాయణన్ వాత్తియార్ వాళ్ళనేమీ అనలేదు. నన్ను పక్కకు పిలిచి, నీకు ఒళ్ళు వంగుతుంది కానీ మాట వంగదు, ఒళ్ళు ఒక్కటే చాలనుకుంటే సర్కస్‌లో చేరు అన్నారు. నువ్వు ఏ భాషలో అనుకుంటావో ఆ భాషలోనే పాఠం రాసి, దూరాన ఉన్నవాళ్ళకు పంపు, నిన్ను చూడకుండా వాళ్ళు చేయగలిగితే నీకు చెప్పడం వచ్చినట్టు అన్నారు. నీ మీద బొత్తిగా గౌరవం లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళయితే తప్పు దాచకుండా చెబుతారు అన్నారు. నేను ఆలోచించే పని లేకపోయింది. మా అక్క ఉంది సార్ అన్నాను.

కాబట్టి కింద రాసింది చదువుతూ బావ చేత చేయించు. వెల్లకిలా పడుకోమను. కాళ్ళు చాపమను. ఊపిరి కడుపు నిండా తీసుకోమను. అలాగే ఆపమను.

(వెనక చూడు)

తరవాత నెమ్మదిగా విడవమను. ఇలా పది సార్లు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి.

కాబోయే మాస్టరు,
గురుసామి


సింగానల్లూరు,
7 జూలై 1958

కాబోయే మాస్టరు గారికి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాస్తున్నాను. కాగితం కాలితే నా పూచీ లేదు.

ఆదివారం పొద్దున మీ బావను చాప మీద పడుకోబెట్టాను. పక్కింటి మునియమ్మాళ్ కూడా వచ్చి గడపలో కూచుంది, నవ్వడానికి. వెల్లకిలా పడుకో అని చదివాను, పడుకున్నాడు. కాళ్ళు చాపు, చాపాడు. ఊపిరి కడుపు నిండా తీసుకో అంటే, కడుపులోకి కూడు పోతుంది గానీ ఊపిరి ఎట్లా పోతుందని అడిగాడు. నాకేం తెలుసు, రాసినవాడు పండితుడు, నోరు మూసుకుని చెయ్యి అన్నాను. తీసుకున్నాడు. ఆపు అన్నాను, ఆపాడు. అక్కడ కాగితం అయిపోయింది.

ఒరే వెధవా, మనిషి చేత ఊపిరి ఆపించి 'విడు' అనే మాట కాగితం వెనకవైపు రాస్తావా? నేను తిప్పేసరికి రెండు కాగితాలు అంటుకుని వచ్చాయి. వేలు తడి చేసుకుని విడదీసి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. నా మాట మీద భక్తితో మీ బావ బిగబట్టుకుని ఉన్నాడు. ముఖం ఎర్రబడింది, తరవాత నల్లబడింది. మునియమ్మాళ్ నవ్వు ఆపి లేచి నిలబడింది. ఇక ఓర్చుకోలేక వదిలేశాడు. ఆ వదలడంలో మొదలైన దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఆగాక నా వైపు చూసి అడిగాడు:

"మీ తమ్ముడు నన్ను చంపేదానికే చదువుతాండాడా?"

నాకు నవ్వు రాలేదు గురుసామీ. కోపం వచ్చింది. నీకు ఆట, రాజగోపాలన్‌కు ఆట. ఇక్కడ మనిషికి ఉన్నది ఆ ఒక్క రొమ్మే. పది సార్లు చేయించమన్నావు, ఒక్కసారికే ఇంత అయింది. ఇలాంటి పాఠం ఇంకొకటి పంపావంటే పొయ్యిలో పెడతాను.

బావను దక్కించుకున్న అక్క,
పళనియమ్మాళ్


మదురై,
20 జూలై 1958

అక్కకు,

నీ ఉత్తరాన్ని వాత్తియార్ ముందు అరవంలోకి తిప్పి చదివాను, తిట్లతో సహా. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ మనిషి ఏం పని చేస్తాడని అడిగారు. కార్డింగ్ అన్నాను. అంటే ఏమిటన్నారు. చెప్పాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచి పక్కన పెట్టారు.

తరవాత మాత్రం వదల్లేదు. దగ్గేవాడిని ఊపిరి ఆపమన్న నువ్వు వాత్తియార్ అనిపించుకోవడానికి కూడా తగవన్నారు. ఎదుటివాడి ఊపిరి ఎలా ఉందో వినకుండా నీ పాఠం నువ్వు చదువుకుంటూ పోయావన్నారు. వకీలు కొడుకు ముందే అన్నారు. వాడు నాలుక బయటపెట్టలేదు ఈసారి. అది ఇంకా మంట.

మూడు రోజులు కూచుని కొత్తది రాశాను. చాలా చించేశాను. ఇది ఒకే వైపు ఉంది, భయపడకు.

బావను పడుకోబెట్టవద్దు, గోడకు ఆనుకుని కూచోమను. బొడ్డు మీద చెయ్యి పెట్టుకోమను. నోటితో సన్నగా, వేడి కాఫీ ఊదినట్టు, ఊపిరి వదలమను. చెయ్యి లోపలికి పోతుంది, పోనీ. ఇక వదలడానికి లేదు అన్నప్పుడు ఊరికే ఉండమను. లోపలికి రావలసింది దానంతట అదే వస్తుంది. తీసుకో అని మాత్రం అనకు. ఆపు అనే మాట అసలే వద్దు. ఆయాసం అనిపిస్తే మానెయ్యమను.

తీసుకోవడం నేర్పకుండా వదలడం ఒక్కటే ఏం పాఠం అని వాత్తియార్‌ను అడిగాను. తీసుకోవడానికి మంచి గాలి ఉన్నచోట అది నేర్పు అన్నారు. పొయ్యిలో పెట్టకుండా ఒక్కసారి చూడు అక్కా. బావ కోసం.

తమ్ముడు,
గురుసామి


సింగానల్లూరు,
10 ఆగస్టు 1958

గురుసామికి,

పనిచేసింది అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ బావ రోజూ గోడకు ఆనుకుని కాఫీ లేకుండానే ఊదుతున్నాడు. దగ్గు మొదలైతే ఇదివరకు భయపడి గాలి గుటకలు మింగేవాడు, ఇప్పుడు చెయ్యి బొడ్డు మీదికి పోతుంది, కాసేపటికి సర్దుకుంటున్నాడు. దగ్గు పోయిందా అంటే పోలేదు. సోమవారం సోమవారమే. నువ్వేదో కొండ ఎత్తేశావని ఎగరకు.

ఇప్పుడు అసలు సంగతి. గేటు దగ్గర నోటీసు అంటించారు. వచ్చే నెల మొదటి వారంలో నిన్ను పిలిపించి కార్డింగ్ షెడ్డులోనే యోగా వకుప్పు, అదే క్లాసు, ప్రారంభిస్తారట. మిల్లు యజమాని, మన మొదలాళి వస్తాడు, ఫాక్టరీ ఇన్స్‌పెక్టర్ వస్తాడు. ఆ ఇన్స్‌పెక్టర్ నిజానికి రావలసింది దుమ్ము చూడ్డానికి, అర్జీ మీద. ఆయనకు దుమ్ము చూపించకుండా నిన్ను చూపిస్తారు. మిషన్లు ఆపి, నేల ఊడ్చి, పూలకుండీలు పెట్టి, మధ్యలో నువ్వు. ఇంత చక్కగా ఊపిరి పీల్చే వాళ్ళకు ఇంక ఫాన్లు దేనికి అని ఆయన రాసుకుని పోవాలి. రాజగోపాలన్ ఇప్పటినుంచే మీసం దువ్వుకుంటున్నాడు.

ఆ రోజు సరిగ్గా చేయకపోతే నీ చదువు ఖర్చు మిల్లు ఆపేస్తుందని నాకు తెలుసు. మళ్ళీ కార్డింగే నీకు గతి అనీ తెలుసు. అయినా చెబుతున్నాను విను. వాళ్ళ ముందు వరసలో మీ బావను కూచోబెట్టుకుని నువ్వు ఆ నాటకం ఆడితే నా గడప తొక్కకు. నేను చూడ్డానికి రాను. రీలింగ్ వదిలి ఒక్క అడుగు కూడా వేయను.

పళనియమ్మాళ్


మదురై,
9 సెప్టెంబరు 1958

అక్కకు,

రానన్నావు, రాలేదు. తలుపు వైపు చాలాసార్లు చూశాను. సాయంత్రం బండికి ముందు ఇంటికి వద్దామనుకుని, గడప తొక్కకు అన్నది గుర్తొచ్చి నేరుగా స్టేషన్‌కు పోయాను. బావ నీకు ఏం చెప్పాడో తెలియదు. నేను చెప్పేది విను.

షెడ్డు ఊడ్చారు, పూలు పెట్టారు, అన్నీ నువ్వు రాసినట్టే. నాకు తెల్లబట్టలు ఇచ్చారు. కార్డింగ్ వాళ్ళు మిషన్ల మధ్య వరసల్లో కూచున్నారు. రాజగోపాలన్ నా చెవిలో, అందరి చేతా బాగా లోపలికి పీల్పించి ఆపించు, రొమ్ములు ముందుకు రావాలి, ఇన్స్‌పెక్టర్‌కు కనపడాలి అన్నాడు. మిషన్లు ఆపినా ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది! పైన అద్దాల్లోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో దూది పొడి తేలుతూ నా కళ్ళ ముందు దిగుతోంది. కింద బావ, బొడ్డు మీద చెయ్యి పెట్టుకుని నా నోటి వంక చూస్తున్నాడు. నేను ఏం చెబితే అది చేస్తాడు. బిగబట్టమంటే నల్లబడేదాకా బిగబడతాడు.

నోరు తెరిచాను. అరవం రాలేదు అక్కా. ఒక్క మాటా రాలేదు. వచ్చింది మనింటి మాటే:

"అయ్యా, ఈడ గాలి కంటికి కనపడతా ఉండాది. కంటికి కనపడే గాలిని లోపలికి తీసుకోమని చెప్పేది నేను నేర్చుకోలేదు."

రాజగోపాలన్‌కు తెలుగు రాదు, ఇన్స్‌పెక్టర్‌కూ రాదు. కానీ మొదలాళి నాయుడుగారు. ఇంట్లో ఆయన మాట్లాడేదీ మన మాటే. ఏమన్నాడు అని ఇన్స్‌పెక్టర్ ఆయననే అడిగాడు! వేరే ఎవరూ లేరు తిప్పి చెప్పడానికి. లేని మాట చెబుదామంటే ఎదురుగా కూచున్న వాళ్ళందరికీ తెలుగూ తెలుసు, అరవమూ తెలుసు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, ఇక్కడ దుమ్ముగా ఉంది, బయట గడ్డి మీద చేయిస్తే మేలంటున్నాడు అన్నాడు. దుమ్ము అనే మాట ఆయన నోటితోనే వచ్చింది. ఇన్స్‌పెక్టర్ తల ఎత్తి ఆ ఎండలోకి చూశాడు. అవును, బయటికే పోదాం అన్నాడు.

ఆఫీసు ముందు పచ్చికలో కూచోబెట్టి, వదలడం ఒక్కటే చేయించాను. లోపల మిషన్ల మోతలో వినపడదు గానీ బయట అంతమంది దగ్గు ఒక్కసారి వినపడింది. ఇన్స్‌పెక్టర్ ఏదో రాసుకున్నాడు. ఆయన కారు గేటు దాటగానే రాజగోపాలన్ నా తెల్లబట్టలు విప్పించి తీసుకున్నాడు. ఇక మదురైలో నీకు మిల్లు పైసా కట్టదు, కార్డింగ్‌లో కూడా చోటు లేదు అన్నాడు.

పెట్టె సర్దుకుందామని వచ్చాను. వాత్తియార్‌కు అంతా చెప్పాను. వంటశాలలో మనిషి కావాలి, గిన్నెలు తోముతూ చదువుకుంటావా అని అడిగారు. ఇంకా జవాబివ్వలేదు. వకీలు కొడుకు తిన్న కంచం కడగాలంటే కడుపు మండుతోంది. నేను మాస్టరునూ కాలేదు, కూలీగానూ మిగలలేదు. నువ్వు చెప్పు ఏం చేయమంటావో. తిట్టి చెప్పినా సరే.

గురుసామి


సింగానల్లూరు,
5 అక్టోబరు 1958

నా తమ్ముడు గురుసామికి,

నేను రాలేదని రాశావు. వచ్చాను రా. రీలింగ్ వదిలి వచ్చి, దూది బేళ్ళ వెనక నిలబడ్డాను. నువ్వు నోరు తెరిచి మాట రాక నిలబడ్డప్పుడు, అయిపోయింది, చిన్నప్పటి కడుపునొప్పి మళ్ళీ వచ్చింది వీడికి అనుకున్నాను. తరవాత నువ్వన్నది విన్నాను. మొదలాళి దాన్ని మింగలేక కక్కలేక తిప్పి చెప్పడం కూడా విన్నాను. బేళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సాయంత్రం నీకు ఇష్టమని చేపల పులుసు చేసి ఎదురుచూశాను, నువ్వేమో స్టేషన్‌కు పోయావట! గడప తొక్కకు అంటే తొక్కకుండా ఉండే వాడివా నువ్వు? ఎన్నడైనా నా మాట విన్నావా? వినకూడని రోజునే విన్నావు, దద్దమ్మా.

నువ్వు పోయాక జరిగింది రాస్తాను. యోగా వకుప్పు రోజూ పని వేళలో అరగంట ఆరుబయటే జరగాలని ఇన్స్‌పెక్టర్ తన రిపోర్టులో రాసి, మిల్లుకు ఒక నకలు పంపాడు. రాజగోపాలన్ ఆ ప్రకారమే కొత్త నోటీసు అంటించి సంతకం పెట్టాడు. కాగితం మీద ఉంటే చాలు, మాస్టరే లేడు కదా, ఎవడు చేస్తాడులే అనుకున్నాడు. మర్నాడు వకుప్పు వేళకు మిల్లు సైరన్ సంగు ఊదగానే మీ బావ మిషన్ ఆపి లేచి బయటికి నడిచాడు. వెనకే అందరూ. కార్డింగ్ ఆగితే ముందుకు పోవడానికి దూది ఎక్కడిది? స్పిన్నింగ్ వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాజగోపాలన్ పరుగెత్తుకొచ్చి, మాస్టరు లేకుండా వకుప్పేమిటి, ఎవరు చెబుతారు అని అరిచాడు. నేను రీలింగ్ తలుపు దగ్గర ఉన్నాను. చేతిలో నూలు చిలప అలాగే ఉంది.

"నేను చెప్తాను సార్. మా తమ్ముడు నాకే ముందు నేర్పించినాడు."

మొదటిరోజు నవ్వారు. అంతమంది నోటి వంక చూస్తుంటే మాట రాదని నాకు అప్పుడు తెలిసింది. అయినా గట్టిగా అరిచి చెప్పాను. అరిచి చెబితే ఊపిరి సరిగా వదలరని రెండో రోజు తెలిసింది. నిన్ను అనవసరంగా తిట్టలేదు, అవసరమైనంతే తిట్టాను, కానీ నువ్వు పడిన పాటు చిన్నది కాదు. రోజూ సంగు ఊదగానే పచ్చికలో కూచుంటున్నాం. మిల్లు అరగంట నోరు మూసుకుంటుంది. నోటీసు చింపేద్దామంటే దాని మీద రాజగోపాలన్ సంతకమే ఉంది, రిపోర్టు ఇన్స్‌పెక్టర్ దగ్గర ఉంది. మొదలాళి వరండాలో నిలబడి మూడు వారాలు చూశాడు. పోయిన శుక్రవారం కార్డింగ్ గోడకు రంధ్రాలు కొట్టి రెండు ఫాన్లు బిగించారు. మిగతావి బిగిస్తే వకుప్పు లోపలే పెట్టుకోండని యూనియన్ వాళ్ళతో అన్నాడట. బిగించనీ, అప్పుడు చూద్దాం.

రాజగోపాలన్ నీకు ఉత్తరం రాస్తాడు, నిన్ను మళ్ళీ మిల్లు ఖర్చుతో చదివించి పిలిపించుకుంటామని. నా అరుపులు పడలేక అడుగుతున్నారు. వెంటనే జవాబివ్వకు, కొన్నాళ్ళు ఎదురుచూడనీ. ఈలోగా గిన్నెలు తోము. వకీలు కొడుకు కంచం తళతళలాడేట్టు తోము, అందులో వాడి ముఖం వాడికి కనపడాలి. చదువు మాత్రం మానేసి వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను, ఆ తరవాత ఏ ఆసనం వేస్తావో నీ ఇష్టం.

నాకు వచ్చింది సగం పాఠమే. వదలడం మాత్రమే చెబుతున్నాను. నిన్న ఆ ఫాన్ల కింద నిలబడి మీ బావ అడిగాడు, లోపలికి తీసుకోవడం మీ తమ్ముడు ఎప్పుడు నేర్పిస్తాడని. ఇప్పుడు తీసుకోవడానికి కాస్త గాలి ఉంది. నేర్చుకుని రా.

నీ బదులు మాస్టరుగా ఉన్న అక్క,
పళనియమ్మాళ్